పన్నెండు రెక్కల కొంగ

పెడనలో అచ్చులు చెక్కే సుబ్బరత్నం ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఇరవై ఏళ్ళ పిల్ల. కలంకారీ గుడ్డల మీద పువ్వులూ తీగలూ అద్దడానికి టేకు అచ్చులు కావాలి. అవి చెక్కడం ఆమె పని. ఆడపిల్ల ఉలి పట్టడమేమిటని ఊళ్ళో పెద్దమనుషులు మొదట్లో మూతులు తిప్పుకున్నారు. ఇప్పుడు వాళ్ళ కొడుకులే ఆమె అరుగు మీద తమ వంతు కోసం కూర్చుంటున్నారు.

పోయిన నెలలో, ఈ 1969 ఎండాకాలం చివర, నాకు గుడివాడ బదిలీ అయింది. వెళ్ళేముందు చెప్పిపోదామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె తండ్రి శోభనాద్రి పోయి రెండేళ్ళయింది. ఆయన కూర్చునే చోటే ఆమె కూర్చుని పని చేసుకుంటోంది. వెనక గోడకి కొట్టిన పలక మీద పన్నెండు కొంగ అచ్చులు వరసగా ఉన్నాయి. హైదరాబాదు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన వాటిని చూసి ముచ్చటపడ్డాడు.

"ఇవి ఇస్తావా అమ్మా? దుప్పటి అంచుకి బ్రహ్మాండంగా ఉంటాయి."

"అవి అద్దకానికి కాదండీ," అంది సుబ్బరత్నం తల ఎత్తకుండా.

"అద్దకానికి కాని అచ్చులేమిటమ్మా?"

ఆమె ఒక్కసారి నా వైపు చూసి మళ్ళీ ఉలి అందుకుంది. అవి దేనికో నాకు తెలుసు. వాటి వెనక జరిగిన దాంట్లో నా తప్పు కూడా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు ఇస్సాకు. దివిసీమలో కోడూరు మా ఊరు. మా నాన్న పాలేరుతనం చేసి నన్ను మిషను బళ్ళో చదివించాడు. ఆ చదువుతో గ్రామసేవకుడి ఉద్యోగం వచ్చింది. అంటే, తరతరాలుగా వరి పండిస్తున్న వాళ్ళకి వరి ఎలా పండించాలో చెప్పే ఉద్యోగం. నా మాట ఎవరూ వినేవారు కాదు. నాకు కోపం ఎక్కువని పేరుంది. ఆ ఉద్యోగం చేస్తే ఎవరికైనా వస్తుంది.

ఆ రోజుల్లో సర్కారు వారికి జపాను పద్ధతి వరిసాగు మీద మనసు పడింది. తాడు కట్టి వరసల్లో నాటాలి, వరసల మధ్య చిన్న యంత్రం నెట్టి కలుపు తియ్యాలి. సంచీ నిండా దాని కరపత్రాలు వేసుకుని తిరిగేవాణ్ణి. మంచి దళసరి అట్ట కార్డులు, ఒక వైపు అచ్చు, రెండో వైపు తెల్లగా ఖాళీ. రైతులు వాటిని మర్యాదగా తీసుకుని చూరులో దోపేవారు. రత్తయ్య గారని నలభై ఎకరాల ఆసామి ఒకాయన, "జపానోడికి కృష్ణ నీళ్ళున్నాయా అండీ?" అని అడిగి అరుగంతా నవ్వించారు. నేను మాత్రం నవ్వలేదు.

1961 మే నెలాఖరున, ఊరూరా సినిమాలు చూపించే సర్కారు ప్రచారం వాను పెడన వచ్చింది. కాలువలు కట్టేసిన రోజులు. గుడ్డలు జాడించడానికి పారే నీళ్ళు లేక అద్దకం పనులు ఆగిపోయి ఊరంతా తీరిగ్గా ఉంది. వాను ఆపరేటరు జకరయ్య అనుభవజ్ఞుడు. వరినాట్ల సినిమా ఒక్కటే వేస్తే జనం లేచిపోతారని తెలిసి, మద్రాసు నుంచి వచ్చిన డబ్బాల్లోంచి జపాను వాళ్ళ బొమ్మల రీలు ఒకటి వెంట తిప్పుతున్నాడు. మనుషులు ఆడింది కాదు, చేత్తో గీసిన బొమ్మలు కదిలే రీలు.

తీరా చూస్తే బంటుమిల్లిలో గాలికి తెర చిరిగిపోయిందట. ఊళ్ళో తెల్లగుడ్డ ఎవరింట్లో ఉంటుంది? అచ్చులు చెక్కడంతోపాటు అద్దకం కూడా చేసే శోభనాద్రి ఇంటికి వెళ్ళాను. ఆయన ఇంకా అద్దకానికి దిగని చలవ గుడ్డ ఒక తాను తీసిచ్చి, కూతురితో సహా తనూ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"నా గుడ్డ మీద నేనెయ్యని బొమ్మ పడటం ఇదే మొదలండీ ఇస్సాకు గారూ," అన్నాడు నవ్వుతూ.

వరినాట్లు అయ్యాయి. జనం ఆవలించారు. తర్వాత బొమ్మల రీలు మొదలైంది. పొలంలో ఒక ముసలాయన నాట్లు వేస్తుంటాడు. గాలికి ఆయన గడ్డి టోపీ ఎగిరిపోతుంది. ఒక తెల్లకొంగ ఆ టోపీ వెంట పడి, కొండలు దాటి, వానలో తడిసి, చివరికి దాన్ని ముక్కున కరుచుకుని తిరిగొస్తుంది. ఈలోగా ముసలాయన నెత్తిన తామరాకు పెట్టుకుని హాయిగా నాట్లేసుకుంటుంటాడు. కొంగ టోపీని, తామరాకుని మార్చి మార్చి చూసి, ఆ టోపీ తనే పెట్టుకుని వెళ్ళిపోతుంది. మాటలు జపాను భాషలో ఉన్నా, అర్థం కానివాళ్ళు ఒక్కరూ లేరు. మన చేల వెంట తిరిగే కొంగే అది. రత్తయ్య గారు కూడా కడుపు పట్టుకుని నవ్వారు.

రీలు అయిపోగానే పన్నెండేళ్ళ సుబ్బరత్నం లేచి నిలబడి అరిచింది: "మళ్ళీ వెయ్యండి మావయ్యగారూ! మళ్ళీ వెయ్యండి!"

జెనరేటరుకి పెట్రోలు కొలిచి ఇచ్చేవారు. నా ఉపన్యాసం ఇంకా మిగిలే ఉంది. "ఇదేమన్నా సినిమా హాలనుకున్నావా? కూర్చో," అని గదిమాను. ఆ పిల్ల కూర్చుంది. మొహం చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను, అలా ఏమీ లేదు. నా ఉపన్యాసం సాగినంతసేపూ ఖాళీ తెరని చూస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే నా గదికి వచ్చింది. చేతిలో జానెడు ఫిలిం ముక్క. రాత్రి రీలు ఒకచోట తెగితే జకరయ్య కత్తిరించి అతికించి, మిగిలిన ముక్క పారేశాడు. అది ఏరుకుంది.

"మావయ్యగారూ, మీరు పైరుకి పురుగు చూసే భూతద్దం ఒకసారి ఇస్తారా?"

ఇచ్చాను. ఫిలింని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

"ఇందులో ఇరవైనాలుగు కొంగలున్నాయండీ. రెండేసి ఒకటే. వేరువేరుగా చూస్తే పన్నెండు. ప్రతిదాంట్లోనూ రెక్క కొంచెం కొంచెం మారింది. అంతే. ఇంకేం లేదు. కొంగ ఎగరలేదండీ, మన కళ్ళే ఎగిరించాయి!"

అంత సంతోషం నేను ఏ పిల్ల మొహంలోనూ చూడలేదు. కానీ వెంటనే ఆ సంతోషం తగ్గిపోయింది. గొంతు దించి అడిగింది.

"రాత్రి మా నాన్నని చూశారా? కొంగ తెర ఈ చివర్నుంచి ఆ చివరికి ఎగిరినప్పుడు అందరి తలలూ దాంతోపాటు తిరిగినయ్యి. మా నాన్న తల తిరగలా. అందరూ నవ్వాక నవ్వాడు."

నేను చూడలేదు. ఆ పిల్ల చూసింది. సినిమాలో అంత మునిగిపోయి కూడా, ఆ ఆనందం తండ్రితో పంచుకుందామని పక్కకి తిరిగి చూసింది. ఆయన చూపు పోతున్న సంగతి ఇంట్లో మొదట తెలిసింది దానికే.

నేనే వాళ్ళని రైల్లో బందరు తీసుకెళ్ళాను. అక్కడ కళ్ళ డాక్టరు గారు పరీక్ష చేసి, నీటికాసులనే కంటి జబ్బన్నారు. చుట్టుపక్కల చూపంతా పోయింది, నడిమధ్యన వేలి ఉంగరమంత మిగిలిందన్నారు. "పోయింది రాదు. ఉన్నది వచ్చే ఎండాకాలం దాకా ఉంటే అదృష్టం." శోభనాద్రి చేతులు కట్టుకుని విని, డాక్టరు గారికి దండం పెట్టి, బయటికొచ్చాక కూతురికి బందరు లడ్డు కొనిపెట్టాడు.  పెడన స్టేషనులో దిగాక సుబ్బరత్నం నన్ను వెనక్కి లాగింది.

"తెర పెద్దది కాబట్టి నాన్న కంటికి అందలేదండీ. అరచేతిలో పట్టే కొంగైతే ఆ ఉంగరంలో పడుద్ది కదా? పన్నెండు కొంగలు చెక్కుతాను. నాన్న కళ్ళుండగానే ఆ కొంగని చూపిస్తాను."

"సరే," అన్నాను. పిల్లల మాట పిల్లల మాటలా తీసుకున్నాను. ఒక మనిషి కళ్ళు ఆరిపోయేలోగా ఆయనకి ఒక కొంగ ఎగరడం చూపించాలి, అంతకు మించి ఆ పిల్లకి ఇంకేమీ అక్కర్లేదని నాకు అప్పుడు తోచలేదు.

ఆ వానాకాలమంతా తండ్రి పక్కనే కూర్చుని చెక్కింది. పెద్ద పనుల్లో మిగిలిన టేకు ముక్కలు, ఒక్కొక్కటి మూడు వేళ్ళ వెడల్పు. చెక్క నున్నగా చేసి, తెల్లసుద్ద పూసి, దాని మీద గీత గీసుకుని, గీత మాత్రం పైకి నిలిచేట్టు చుట్టూ ఉన్న చెక్క తొలిచెయ్యాలి. ముందెప్పుడో తనే ఉలి పట్టడం నేర్పిన పిల్ల కనక శోభనాద్రి అడ్డు చెప్పలేదు. కానీ ఆయనకి సంగతి తెలియదు. చూపించేదాకా చెప్పకూడదని సుబ్బరత్నం నా చేత ఒట్టు వేయించుకుంది.

ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగానే ఆయన అడిగాడు.

"ఎన్ని కొంగలు చెక్కుతావే? ఒకటి చెక్కుకుంటే వెయ్యిసార్లు అద్దుకోవచ్చు కదా."

"ఊరికే, చెయ్యి తిరగడానికి నాన్నా."

ఆయన అప్పటికే కళ్ళకంటే వేళ్ళని ఎక్కువ నమ్ముకుంటున్నాడు. నాలుగో అచ్చు మీద బొటనవేలు పెట్టి చూశాడు, ఐదోదాని మీద చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇది తప్పు. రెక్క కిందకి జారింది. మొదటిదానికీ దీనికీ పొంతనే లేదు. అచ్చు పనిలో మొదటిదీ ఆఖరుదీ ఒక్కలా ఉండాలని ఎన్నిసార్లు చెప్పాను?"

సుబ్బరత్నం తల వంచుకుంది. వాళ్ళ వృత్తిలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఒక్కలా లేని అచ్చుని పొయ్యిలో పెడతారు. నిజం చెప్పేద్దామని నా నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల కళ్ళతోనే వద్దంది.

వినాయక చవితి వెళ్ళాక పన్నెండూ పూర్తయ్యాయి. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగుతో వాటిని అద్దింది. గుడ్డ మీద అద్దింది. అక్కడే జరిగింది పొరపాటు. ఇంకెవరి పిల్లయినా కాగితం వెతుక్కునేది. అచ్చు అంటే గుడ్డ తప్ప ఇంకోటి తెలియని ఇల్లు వాళ్ళది. పైగా ఆ కొంగ మొదటిసారి ఎగిరింది వాళ్ళ గుడ్డ మీదే.

ముందు పొడుగాటి పట్టీ మీద పన్నెండూ వరసగా అద్ది, కళ్ళ ముందు నుంచి లాగి చూసింది. కొంగల బారు కనిపించింది, అంతే. తర్వాత ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక అంచున కుట్టి, రెండో అంచుని బొటనవేలితో వంచి, ముక్కలు ఒక్కొక్కటే చకచకా పడేట్టు వదిలింది. గుడ్డ కదా, వాలిపోయింది. గంజి పెట్టింది. ఒక రోజు నిలబడింది, వానగాలికి మెత్తబడి అంటుకుపోయింది. చిక్కటి గంజి పెట్టి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. పెళుసెక్కి విరిగింది. మళ్ళీ అద్దింది. ఆ తిప్పలన్నీ నేను అరుగు మీద కూర్చుని, పక్కన సంచీ పెట్టుకుని చూశాను. సంచీలో మూడొందల దళసరి అట్ట కార్డులున్నాయి. ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టకపోగా, "ఇంకాస్త గంజి పెట్టు," అని సలహా కూడా ఇచ్చాను.

నవంబరులో నన్ను పంట కోతల లెక్కలకి బంటుమిల్లి పంపారు. తిరిగొచ్చేసరికి ఫిబ్రవరి వచ్చింది. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. సుబ్బరత్నం వాకిట్లో కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డముక్కల కట్ట. ఎన్నోదో తనకే తెలియదంది. చిక్కిపోయింది. గంజినీళ్ళలో నాని వేళ్ళు పాలిపోయి ఉన్నాయి.

"ఎగరట్లేదండీ మావయ్యగారూ," అంది. అప్పుడు ఏడ్చింది.

ఏం చెయ్యాలో తోచక, విసనకర్రలా విసురుకుందామని సంచీలోంచి కార్డుల కట్ట తీశాను. కట్ట అంచు నా బొటనవేలి కింద నుంచి టపటపా జారింది. ఇద్దరం ఆ చప్పుడు విన్నాం. నేను కట్ట వైపు చూశాను. ఆ పిల్లా చూసింది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. బంటుమిల్లి వెళ్ళేదాకా అన్ని నెలలూ ఆ అట్టలు మోసుకుంటూనే ఆ గుమ్మంలోకి వచ్చాను.

వాళ్ళ నల్లరంగు అట్ట మీద సరిగా పట్టలేదు. నా ఆఫీసు స్టాంపు ప్యాడు తీశాను. వంగపండు రంగు సిరా. సుబ్బరత్నం పన్నెండు అచ్చుల్నీ మూడేసి సార్లు, మొత్తం ముప్పై ఆరు కార్డుల మీద అద్దింది.  వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి కుట్టాం. బొటనవేలితో వదిలింది.

కొంగ ఎగిరింది. ముందు రెక్కలు పైన, తర్వాత భుజాల దాకా, తర్వాత పొట్ట కిందకి, మళ్ళీ పైకి. ఒకవైపు ఎకరాకి ఎంత ఎరువు వెయ్యాలో ఉన్న కార్డుల మీద, వంగపండు రంగు కొంగ. జకరయ్య రీలులోని కొంగ కంటే నాకు ఇదే బాగున్నట్టనిపించింది. సుబ్బరత్నం ఒక్క క్షణం కూడా చూసుకుంటూ కూర్చోలేదు.

"నాన్నా!" అంటూ లోపలికి పరిగెత్తి ఆయన్ని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది. "నాన్నా, ఇక్కడ చూడు. సరిగ్గా ఇక్కడ. కొంగ!"

ఆయన ముక్కుకి బెత్తెడు దూరంలో పెట్టి వదిలింది. టపటపా చప్పుడైంది. మళ్ళీ వదిలింది. కాస్త దూరంగా పెట్టింది, కాస్త పక్కకి జరిపింది. శోభనాద్రి నవ్వు మొహంతో ఆ చప్పుడు వైపే తిరిగి ఉన్నాడు.

"ఇంకాస్త ఎండలోకి పెట్టవే," అన్నాడు.

మేము ముగ్గురం మిట్టమధ్యాహ్నపు ఎండలో, వాకిలి నడుమ ఉన్నాం.

ఆయన భార్య వెంకాయమ్మ గారు గుమ్మంలోంచి చూస్తున్నారు. "పది రోజులైందండీ," అన్నారు నాతో, మెల్లగా. "పిల్లకి చెప్పొద్దన్నారు. ఏదో చేస్తోంది, పూర్తి చేసుకోనీ అన్నారు."

పది రోజులు. నేను బంటుమిల్లి నుంచి రెండు వారాల ముందు వచ్చి ఉంటే! సంచీ ఆ చవితి రోజుల్లోనే తెరిచి ఉంటే! సుబ్బరత్నం కార్డుల కట్ట నేల మీద పడేసి, తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి, దాచిందంతా చెప్పేసింది. జపాను కొంగ, పన్నెండు బొమ్మలు, రెక్క దిగడం, ఆయన ఉంగరమంత చూపు, గుడ్డ, గంజి. ఏడుస్తూ తడబడుతూ చెప్పింది. 

శోభనాద్రి అంతా విన్నాడు. తర్వాత దాని తల నిమిరి, "ఆ అచ్చులు పట్రా," అన్నాడు. "అద్దకం బల్ల మీద వరసగా పెట్టు. సందు లేకుండా."

పన్నెండూ అంచుకి అంచు ఆనించి పెట్టింది. ఆయన బల్ల దగ్గర నిలబడి కుడిచేతి వేళ్ళు మొదటి అచ్చు మీద ఆనించాడు. మెడ ఎక్కడుందో చూసుకున్నాడు, రెక్క ఎక్కడుందో చూసుకున్నాడు. రెండోదానికి వెళ్ళాడు. మూడోది. ఐదోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. తప్పన్నది దాన్నే.  మళ్ళీ మొదటికి వచ్చి, ఈసారి ఎక్కడా ఆగకుండా, వేళ్ళని పన్నెండు అచ్చుల మీదుగా ఈ చివర్నుంచి ఆ చివరికి జార్చాడు. చేత్తోపాటు ఆయన తల కూడా మెల్లగా తిరిగింది.

"ఎగిరిందే," అన్నాడు.  "నా వేళ్ళ కింద ఎగిరిందే, అమ్మా."

చెయ్యి బల్ల చివర గాలిలో ఉండిపోయింది. అప్పుడు ఆ యాభై ఏళ్ళ మనిషి, వెనకటి ఏడాది వాను ముందు తన కూతురు అడిగినట్టే అడిగాడు.

"మళ్ళీ. మళ్ళీ మొదట్నుంచి."

సుబ్బరత్నం కళ్ళు తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని మొదటి అచ్చు మీద పెట్టింది.